పురుగుమందు డబ్బా మీద దొరికిన లాటిన్

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. మాది పులివెందుల దగ్గర పల్లె, చీనీ తోట మీద బతికే ఇల్లు. డిగ్రీ కడపలో ఇంగ్లీషు మీడియంలోనే చదివాను గానీ, గైడ్లు బట్టీ పట్టి పాసయ్యానే తప్ప ఆ భాష నాకు వంటబట్టలేదు. లెక్కలు బాగా వచ్చు, రీజనింగ్ అంటే ఇష్టం. మా వైపు పిల్లలు చాలామంది లాగే నేనూ బ్యాంకు కోచింగ్‌కని నంద్యాల పోయాను.

క్లర్కు పరీక్ష ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకు 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. తప్పు పెడితే పావు మార్కు కోత. చేరిన మొదటి వారంలోనే చేతిలో ఒక జెరాక్స్ పుస్తకం పెట్టారు. 3,000 ఇంగ్లీషు మాటలు, ఏ నుంచి జెడ్ దాకా వరసగా, పక్కన అర్థాలు. రోజుకు 50 చొప్పున అప్పజెప్పాలి. పొద్దున నాలుగున్నరకే లేచి హాస్టల్ మిద్దె మీద తిరుగుతూ చదివేదాన్ని. పొద్దున వచ్చిన మాట రాత్రికి ఉండేది కాదు. ‘డి’ దగ్గరికి వచ్చేసరికి ‘ఏ’ మొత్తం కొట్టుకుపోయింది. అబేట్, అబెట్, అబైడ్... ఏది తగ్గడమో, ఏది ఉసిగొల్పడమో, ఏది కట్టుబడడమో పరీక్ష హాల్లో ఒక్కటీ నిలవలేదు. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి, ఇంగ్లీషులో కటాఫ్ దాటలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. పెట్టె సర్దుకుని ఊరికి వచ్చేశాను.

ఆ జెరాక్స్ పుస్తకం మీద నాకు ఇప్పటికీ కోపమే. మాటలకు అమ్మానాన్నలు ఉంటారు, అన్నదమ్ములు ఉంటారు. వాళ్లందరినీ విడదీసి, అక్షరాల వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి పేరూ గుర్తుపెట్టుకోమంటే ఎవరికి సాధ్యం?

ఇంటికి వచ్చిన పది రోజులకు చీనీ కాయలకు నల్లి పట్టి మంగు మచ్చ పడుతోందని నాయన నల్లి మందు కొట్టడానికి సిద్ధమయ్యాడు. మోటారు షెడ్డులో మూడు డబ్బాలు ఉన్నాయి. చెమ్మకు కాగితాలు సగం ఊడిపోయాయి. తెలుగులో రాసిన భాగం చిరిగిపోయి పెద్ద ఇంగ్లీషు అక్షరాలు మాత్రం మిగిలాయి. నాయనకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు.

“పాపా, నల్లికి కొట్టేది ఏదో చూడుమ్మా.”

చదివాను. ఒకటి ఫంగిసైడ్, తెగుళ్లకు. ఒకటి హెర్బిసైడ్, కలుపు మందు. మూడోది మిటిసైడ్, నల్లికి. మూడో డబ్బా తీసి ఇచ్చాను. నాయన ఇంకా మిగిలిన రెండింటినీ తేరిపార చూస్తున్నాడు. వేలితో చివరి అక్షరాలు చూపించి, “ఈ మూడింటికీ తోక ఒకటే మాదిరి ఉండాదే?” అన్నాడు.

ఇంగ్లీషు అక్షరాలు రాని మనిషి కాబట్టే ఆ ఆకారం ఆయన కంట్లో పడింది. నేను చదివేశాను గానీ చూడలేదు. సి, ఐ, డి, ఇ. నంద్యాలలో ‘హెచ్’ కింద హోమిసైడ్ చదివాను, ‘ఎస్’ కింద సూయిసైడ్ చదివాను, ‘జి’ కింద జెనోసైడ్ చదివాను. మూడూ చంపడానికి సంబంధించినవే. వేరే వేరే రోజుల్లో మూడు వేరే మాటలుగా బట్టీ పట్టాను.

ఆ రాత్రి ఫోన్లో డిక్షనరీ తెరిచి, అర్థం కింద చిన్న అక్షరాల్లో ఉండే మాట పుట్టుక చదివాను. అంతకు ముందు ఎప్పుడూ అక్కడిదాకా కిందికి జరిపిందాన్ని కాదు. లాటిన్‌లో ‘కేడెరె’ అంటే నరకడం, చంపడం. ఇంగ్లీషులో అది చాలా మాటల్లో ‘సైడ్’గా మారింది. అదే ధాతువు, అంటే మాటకు వేరు, డిసైడ్‌లోనూ ఉంది! ‘డి’ అంటే ఇక్కడ వేరుచేసి తీసేయడం. అటా ఇటా అని ఊగే దాన్ని కోసి అవతల పడేయడమే డిసైడ్ చేయడం. మనం తెగేసి చెప్పడం అనమా? రోమ్‌లో వాళ్లకూ పులివెందులలో మాకూ ఒకే ఆలోచన వచ్చిందని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రిసైజ్, కన్సైజ్, డాక్టర్లు పెట్టే ఇన్సిజన్ అన్నీ ఆ కోత నుంచి వచ్చినవే. సైన్సు పుస్తకంలో కుంతకాలని చదువుకున్న ముందు పళ్లను ఇంగ్లీషులో ఇన్సైజర్లు అంటారు. కొరికేవి, కోసేవి.

ఆ ఊపులో యాక్సిడెంట్‌ను కూడా ఆ గుంపులోనే రాసుకున్నాను. మనుషులు చచ్చిపోతారు కదా అని. పొద్దున మళ్లీ చూస్తే తప్పు. అది ‘కాడెరె’ నుంచి వచ్చింది, అంటే పడడం. అనుకోకుండా మీద వచ్చి పడేది యాక్సిడెంట్. ఇన్సిడెంట్, కోఇన్సైడ్ కూడా ఆ పడడంలోనివే. మొదటి రోజే ఈ దెబ్బ తగలడం మంచిదైంది. మాట చూడగానే చుట్టరికం కలపకూడదని, డిక్షనరీని అడిగాకే నోటుబుక్కులో రాయాలని అప్పుడే పెట్టుకున్నాను.

మాకు హైస్కూల్లో తెలుగు చెప్పిన అయ్యోరు రిటైరై ఊళ్లోనే ఉన్నారు. సాయంత్రం ఆయన దగ్గరికి పోయి, “సార్, ఇంగ్లీషు మాటలకు కూడా ధాతువులు ఉన్నాయి” అని చెప్పాను. అరుగు మీద పేపరు చదువుతున్న మనిషి కళ్లజోడు తీసేశారు.

“ఉండకుండా ఎట్లా ఉంటాయమ్మా? హారం చెప్పు.”

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. ‘హృ’ అనే ధాతువు ఒక్కటే. ముందు ‘ఆ’ వస్తే ఆహారం. ‘వి’ వస్తే విహారం. ‘సం’ వస్తే సంహారం. ‘ప్ర’ వస్తే ప్రహారం, అంటే దెబ్బ. ‘పరి’ వస్తే పరిహారం. తినేదానికీ, తిరిగేదానికీ, చంపేదానికీ ఒకటే ధాతువు. ఉపసర్గ ముందు చేరి ధాతువు అర్థాన్ని బలవంతంగా ఇంకో దిక్కుకు లాక్కుపోతుందని వ్యాకరణం చదివినవాళ్లు పాత శ్లోకం ఒకటి చెప్తారట. “ఇంగ్లీషులో ఉపసర్గలను ఏమంటారు?” అని అడిగారు. ప్రిఫిక్సులు అన్నాను. “అయితే నీకు ఇప్పటికే వచ్చు, పో” అన్నారు.

పోలేదు. మరో గంట కూర్చున్నాను. సబ్ ఇన్‌స్పెక్టర్ అనే మాట తీసుకుని ఇద్దరం విప్పాం. ‘స్పెక్ట్’ అంటే చూడడం. ‘ఇన్’ లోపల. లోపలికి తొంగి చూసేవాడు ఇన్‌స్పెక్టర్. ‘సబ్’ అంటే కింద, మన ‘ఉప’ లాంటిది. ఊళ్లో జీపు ఆగితే అందరూ లేచి నిలబడే ఎస్సైలో ఇంత ఉందని అంతవరకు తెలియదు. అదే ‘స్పెక్ట్’ ముందు ‘రె’ పెడితే రెస్పెక్ట్, తిరిగి మళ్లీ చూడడం. ఎవరిని దాటిపోయాక కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూస్తామో వాళ్లంటే గౌరవం ఉన్నట్టే కదా. ‘సస్పెక్ట్’ అంటే కింది నుంచి చూడడం, ఓరచూపు. ‘ప్రో’ అంటే ముందుకు, ప్రాస్పెక్ట్. ‘సర్కమ్’ అంటే చుట్టూ, సర్కమ్‌స్పెక్ట్. నాలుగు దిక్కులూ చూసుకుని అడుగు వేసే మనిషి. ఆ జెరాక్స్ పుస్తకంలో ఈ చివరి మాట దగ్గర ‘జాగ్రత్తపరుడు’ అని ఒక్క ముక్క ఉంది. ఆ మనిషి ఇప్పుడు రోడ్డు దాటుతూ నా కళ్ల ముందు నిలబడ్డాడు.

ఇంకొక చిక్కు ఉండేది. ‘కాదు’ అని చెప్పే ‘ఇన్’ ఒక చోట ఇన్, ఒక చోట ఇమ్, ఒక చోట ఇల్, ఇంకొక చోట ఇర్. ఇన్‌కరెక్ట్, ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. నాలుగు రూల్సు అనుకుని బట్టీ పట్టేదాన్ని. అయ్యోరికి చెప్తే నవ్వారు. “ఉత్, లాసం కలిస్తే ఏమవుతుంది?” ఉల్లాసం. “సత్, జనుడు?” సజ్జనుడు. పక్కన వచ్చే అక్షరాన్ని బట్టి ముందున్నది తన రూపం మార్చుకుంటుంది. పదో తరగతిలో నాలుగు మార్కుల కోసం రాసిన సంధులు! ఇన్, లీగల్ కలిసి ఇల్లీగల్ కావడం దానికి ఏం తేడా? ‘కాన్’ అనే ఉపసర్గ కలెక్ట్‌లో ‘కల్’ అయింది, కరెక్ట్‌లో ‘కర్’ అయింది, కంబైన్‌లో ‘కమ్’ అయింది. ఒక్క సాయంత్రంలో నాలుగు రూల్సు పోయి నోటి సౌకర్యం అనే ఒకే సంగతి మిగిలింది. తెలుగు మీడియం వాళ్లకు ఇంగ్లీషు రాదని మమ్మల్ని అన్నవాళ్లు, ఇంగ్లీషు మాటను విప్పే పనిముట్టు పదో తరగతిలోనే మా చేతికి వచ్చిందని ఒక్కరైనా చెప్పలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

200 పేజీల లాంగ్ నోటుబుక్కు కొన్నాను. పేజీకి ఒక ధాతువు. అడుగున వేరు, పైన కొమ్మలు, కొమ్మకొక మాట. పక్కన ఆ మాటతో నా సొంత వాక్యం. పుస్తకంలోని వాక్యం రాసుకుంటే నిలవదు, మన ఇంటి వాక్యం కావాలి. రోజుకు ఒక ధాతువుకు మించి లేదు, కొన్ని రోజులు అదీ లేదు. ఎన్ని నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే తక్కువే. ఆరు నెలల్లో 90 చిల్లర. కానీ ఒక్కొక్కటి పది మాటలను తనతో తెచ్చుకుంది.

అన్నిట్లోకీ నాకు బాగా నిలిచిపోయిన పేజీ ‘గ్రెగ్’. లాటిన్‌లో ‘గ్రెక్స్’ అంటే మంద. ఆ ఎండాకాలం మా చెనక్కాయ చేలో గొర్లమంద వేయించాడు నాయన. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను: రాత్రిళ్లు గొర్లను చేలో ఆపితే పెంటిక, మూత్రం పడి నేల బలపడుతుంది, దానికి మంద యజమానికి డబ్బో గింజలో ఇస్తాం. సాయంత్రం నేను టీ తీసుకుపోయేసరికి మందను చేలోకి తోలుతున్నారు. వచ్చిన వాటిని వచ్చినట్టే ఒకదానికొకటి ఆనించి వల లోపలికి చేర్చారు. అది కాంగ్రిగేట్. పక్క చేలో ఉన్న ఇంకో చిన్న గుంపును తెచ్చి దీంట్లో కలిపారు. అగ్రిగేట్. ఇంటర్లో అగ్రిగేట్ ఎంత అని చుట్టాలందరూ అడిగేవాళ్లు కదా, అన్ని సబ్జెక్టుల మార్కులను ఒక మందలోకి తోలడమే అది. కాంక్రీటులో వేసే కంకరను కూడా ఇంజనీర్లు అగ్రిగేట్ అంటారు. కుంటే గొర్రె ఒకటి, ఈనబోయేది ఒకటి ఉంటే పెద్దాయన వాటిని చెవి పట్టి పక్కకు తెచ్చి చిన్న తట్టీ అడ్డం పెట్టాడు. సెగ్రిగేట్. ‘సె’ అంటే వేరుగా. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని మున్సిపాలిటీ వాళ్లు చెప్పే మాట అదే.

ఇంతలో పొట్టేలు ఒకటి వల మీద నుంచి దూకి మా వైపు వచ్చింది. పెద్దాయన “అది ఎప్పుడూ అంతే తల్లీ, మందలో ఇమడదు” అన్నాడు. ‘ఈ’ అంటే బయటికి. ఈగ్రీజియస్! లాటిన్‌లో ఈ మాటకు మందలోంచి ఎత్తిచూపదగినది, మేలైనది అని మంచి అర్థమే. ఇంగ్లీషులోనూ మొదట అట్లాగే వాడారు. తర్వాత తిరగబడి, ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించే ఘోరమైన తప్పును ఈగ్రీజియస్ ఎర్రర్ అంటారు. వేరు చెప్పేది దారి మాత్రమే, మాట ఈరోజు ఎక్కడ కాపురం ఉంటుందో వాడుకే చెప్తుంది. ఆ పొట్టేలును చూశాక ఈ నాలుగు మాటలనూ నేను ఒక్కసారి కూడా మళ్లీ చదవలేదు. మర్చిపోలేదు.

తప్పులూ చేశాను. ‘పెడ్’ అంటే పాదం. పెడల్, పెడెస్ట్రియన్ ఆ పేజీలో ఉన్నాయి. ఒక మాక్ టెస్టులో పీడియాట్రిషియన్ అనే మాట వస్తే ధైర్యంగా కాళ్ల డాక్టరని పెట్టేశాను. అది పిల్లల డాక్టరు. అందులోని ‘పీడ్’ లాటిన్ పాదం కాదు, గ్రీకు ‘పాయిస్’, అంటే బిడ్డ. ఇంకా విచిత్రం ఆర్థోపెడిక్స్. ఎముకల డాక్టరు కదా, కాలికి సంబంధించిందే అనుకుంటాం. అదీ బిడ్డే. 1741లో నికొలా ఆంద్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పిల్లల శరీరంలోని వంకరలను సరిచేసే విద్యకు ఆ పేరు పెట్టాడు. ‘ఆర్థో’ అంటే తిన్నగా. ఇంకోటి ఇన్‌ఫ్లేమబుల్. పెట్రోలు ట్యాంకర్ల మీద రాసి ఉంటుంది. ‘ఇన్’ అంటే కాదు అనుకుని అంటుకోనిది అనుకుంటే కొంప మునుగుతుంది. ఇక్కడి ‘ఇన్’ ఆ ‘ఇన్’ కాదు. ఇట్టే అంటుకునేది అని అర్థం. ఇవన్నీ నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసుకున్నాను.

కడపలో మా అక్క ఇల్లు ఎర్రముక్కపల్లి వైపు. రెండోసారి పరీక్షకు ముందు అక్కడ ఉండి చదువుకుంటూ, పక్కనే ఉన్న బ్రౌన్ గ్రంథాలయానికి పోయేదాన్ని. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడ బంగళా కొని, పండితులను పెట్టుకుని తెలుగు తాళపత్రాలు పరిష్కరింపజేశాడు. ఆ బంగళా ఉన్న చోటే ఈ భాషా పరిశోధన కేంద్రం. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టారు. 1852లో మొదట అచ్చయిన బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును అక్కడే మొదటిసారి చేతుల్లోకి తీసుకున్నాను. మాట పక్కన అది సంస్కృతమా, తెలుగా, హిందుస్తానీయా అని గుర్తులు. ఒక తెల్లాయన మా ఊళ్లో కూర్చుని మా మాటలకు వేర్లు వెతికాడు, నేను అదే చోట కూర్చుని ఆయన భాషకు వేర్లు వెతుకుతున్నాను. కాసేపు పుస్తకం మూసి అట్లాగే కూర్చున్నాను.

అక్కడే ఇంకో తలుపు తెరుచుకుంది. పాదానికి లాటిన్‌లో ‘పెడ్’, దంతానికి ‘డెంట్’, నామానికి ‘నోమెన్’, అగ్నికి ‘ఇగ్నిస్’, సప్తకు ‘సెప్టెమ్’, నవకు ‘నోవెమ్’. డెంటిస్టు, నామినీ, ఇగ్నిషన్. రోమన్ల పాత క్యాలెండరు మార్చిలో మొదలయ్యేది కాబట్టి సెప్టెంబరు ఏడో నెల, నవంబరు తొమ్మిదో నెల. వీడియోలోని ‘విడ్’, మన విద్యలోని ‘విద్’ ఒకే మూలం. వైరస్, విషం తోబుట్టువులు. సంస్కృతానికీ లాటిన్‌కూ గ్రీకుకూ ఒకే తల్లి ఉండి ఉండాలని 1786లో విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి కలకత్తాలో చెప్పాడు. ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. దీన్ని పట్టుకుని తెలుగూ లాటినూ చుట్టాలని కొందరు అంటుంటారు. కాదు. పాదం, దంతం మనం తెచ్చుకున్న సంస్కృతం మాటలు. అడుగు, పన్ను మన సొంతం, వాటి చుట్టాలు తమిళంలో, కన్నడంలో ఉన్నారు. ఆ సంగతిని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర 1816లోనే రుజువులతో రాశాడు. తెచ్చుకున్న మాటలు మన ఇంట్లో ఇన్ని ఉన్నాయి కాబట్టే లాటిన్ మనకు అంత కొత్తగా అనిపించదు. అదృష్టం.

వేర్లు పట్టుకుంటే ఇంగ్లీషంతా వస్తుందని మాత్రం చెప్పను. తినడం, తాగడం, పోవడం, రావడం లాంటి రోజువారీ మాటలు ఇంగ్లీషువాళ్ల సొంతవి, లాటిన్‌వి కావు. పుట్ అప్ విత్ అంటే ఓర్చుకోవడమని ఏ ధాతువూ చెప్పదు. అలాంటివాటికి ఇంగ్లీషు పేపరు రోజూ చదవడం ఒక్కటే దారి. నేను రోజుకు ఒక ఎడిటోరియల్ చదివి, తెలియని మాటల కింద గీత గీసి, వాటిల్లో విప్పగలిగిన వాటిని విప్పేదాన్ని. మొదట్లో ఒక ఎడిటోరియల్‌కు రెండు గంటలు. ఐదో నెలకు ఇరవై నిమిషాలు.

రెండోసారి పరీక్షలో పాసేజీలో ‘గ్రిగేరియస్’ వచ్చింది. అంతకు ముందు ఆ మాటను చూసిన గుర్తు లేదు. గొర్లు కనిపించాయి. పదిమందితో కలిసి ఉండేవాడని పెట్టాను. ఇంగ్లీషు కటాఫ్ దాటాను, మెయిన్సూ దాటాను. ఇప్పుడు కడప జిల్లాలోనే ఒక బ్యాంకు బ్రాంచిలో పని చేస్తున్నాను. కౌంటర్లో రోజంతా లాటినే. క్రెడిట్ ‘క్రేడెరె’ నుంచి వచ్చింది, అంటే నమ్మడం. మన శ్రద్ధ అనే మాటకు స్వయానా తోబుట్టువు. ఆడిట్ అంటే వినడం, ఎందుకంటే పూర్వం లెక్కలు పైకి చదివి వినిపించేవాళ్లు.

నోటుబుక్కు నా దగ్గర లేదు. ఇంటర్ బైపీసీ చదివే మా అన్న కొడుకు తీసుకుపోయాడు. వెనక ఖాళీ పేజీల్లో గ్రీకు ధాతువులు రాసుకుంటున్నాడు, డాక్టరు చదువుకు అవే ఎక్కువ కావాలట. నిన్న రాత్రి ఫోన్ చేశాడు.

“అత్తా, పెడ్ పేజీలో ఒక కొమ్మ ఎర్ర పెన్నుతో నరికేసినావే, ఎందుకు?”

“నువ్వే డిక్షనరీ తీసి చూడు నాయనా” అన్నాను.